రెండు గొట్టాలూ పట్టుకుని చూడు

చల్లగాలే. హీటరు మీటను ఎర్రగీత చివరిదాకా తిప్పి, ఫ్యాను పూర్తిగా పెంచి, జాలీ ముందు అరచెయ్యి పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా వచ్చేది చల్లగాలే. నిన్న ఇంటినుంచి బండి తెస్తూ కొండ దిగుతున్నంతసేపూ నా మోకాళ్ళని కొరికింది ఈ గాలే. నిన్న నేనొక్కదాన్నే గనక మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడుక్కుని, చెవులకి శాలువా బిగించుకుని, బండిని దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టుకుంటూ వచ్చి పడ్డాను. ఈరోజు అలా కుదరదు. ఈరోజు పక్క సీట్లో ఆయన ఉంటాడు. మళ్ళీ అదే కొండ ఎక్కాలి, మంచు కూడా పడేట్టుంది, ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ ఒకటికి రెండుసార్లు చెప్పింది, చలి మాత్రం తగలనివ్వకండమ్మా, ఆ ఊపిరితిత్తులు ఇంకో జలుబుకి ఆగవు, ఇల్లు చేరడమే కష్టమవుతుంది, అని. ఇల్లు చేరడం. ఆయన అడిగింది అదొక్కటే. తలలో గడ్డ పెరిగి సగం మాటలు తినేశాక కూడా ఆ ఒక్క మాట మిగిలింది ఆయన దగ్గర, ఇంటికెళ్దాం, నా బండిలో, ముందు సీట్లో కూర్చుని. అంబులెన్సు పేరెత్తితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వెనక తలుపుల్లోంచి సామాను తోసినట్టు తోసే బండిలో నేను పోను అన్నాడు. సరే తీసుకెళ్ళండి అంది డాక్టరమ్మ. మా రిపేరు షెడ్డులో ఆయన ఎవరితోనైనా తీసుకెళ్ళండి అంటే బండి బాగైందని అర్థం. ఇక్కడ ఆ మాటకి అర్థం వేరని నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. కాగితాలు తయారై, మందులు వచ్చి, ఆయన్ని కిందికి దింపడానికి గంటపైనే పడుతుందన్నారు. ఆ గంట నాది.

బండ్లు పెట్టే చోటు ఆసుపత్రి వెనక, బట్టలుతికే గదికి ఆనుకుని ఉంది. గోడలోంచి పొడుచుకొచ్చిన రేకు గొట్టం నుంచి దుప్పట్ల ఆవిరి బుసబుసా వస్తోంది, సబ్బు వాసనతో, వేడివేడిగా, ఎవరికీ పనికిరాకుండా. ఊళ్ళో ఉన్న వేడంతా ఆకాశానికి పోతోంది, నా బండిలోకి చెంచాడు రాదు. బానెట్ ఎత్తి కడ్డీ నిలబెట్టాను. డిక్కీలోంచి పానాల పెట్టె దింపుతుంటే నిన్న మా వదిన అన్న మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. వదినంటే ఆయన అక్క, తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి, ఇన్నాళ్ళుగా ఆ మంచం పక్కన కుర్చీలోనే కునుకులు తీస్తోంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఆసుపత్రికి ఈ ఇనప సామానేమిటే తల్లీ, అంది. ఏం చెప్పను, మా ఇంట్లో ఆ పెట్టె లేకుండా బండి గేటు దాటదు. అది ఆయన పెట్టిన నియమం. పైన పళ్ళెంలో పానాలన్నీ వరసగా పడుకుని ఉన్నాయి, ఒక్క గుంట ఖాళీ, పదో నంబరుది. ఎప్పుడూ అదే మాయమవుతుంది. పెళ్ళైన కొత్తలో ఆయన బండి కింద పడుకుని చెయ్యొక్కటి బయటికి చాపి పదో నంబరు, పదో నంబరు అని అరిచేవాడు, నేను గేటు దగ్గర ఎవరితోనో కబుర్లలో ఉండేదాన్ని. కావలసినప్పుడే కనబడవు నువ్వు కూడా, అన్నాడొకరోజు బయటికొచ్చి, మొహం నిండా నూనెతో. అప్పటినుంచి పదో నంబరే నా పేరు. నేనూ ఊరుకున్నానా, అందరి ముందూ మెకానిక్ గారూ, మెకానిక్ గారూ అని పిలిచి ఆయన చెవులు ఎర్రబడేదాకా వదిలేదాన్ని కాదు. వెతగ్గా వెతగ్గా పదో నంబరు పానా నా కోటు జేబులోనే దొరికింది.

ముందు బండిని అడుగు, తర్వాత విప్పు. ఇదీ ఆయన మాట. రోగి వచ్చి కూర్చోగానే కత్తి తీసేవాడు వైద్యుడు కాదు అనేవాడు, సరే, అడుగుదాం. ఫ్యాను తిరుగుతోందా, తిరుగుతోంది, గాలి ధారాళంగా వస్తోంది. మీట తిప్పితే లోపల చిన్న తలుపు కదులుతోందా, చెవి ఆనించి విన్నాను, అటు తిప్పితే టప్పుమంది, ఇటు తిప్పితే టప్పుమంది, కాబట్టి తలుపూ మంచిదే. రేడియేటర్ మూత విప్పాను, నీళ్ళు అంచుదాకా ఉన్నాయి, ఆకుపచ్చగా, నిమ్మకు నీరెత్తినట్టు. మరి ముల్లు. వేడి చూపించే ముల్లు నిన్న దారంతా అడుగునే పడుకుని ఉంది, కొండ దిగినా లేవలేదు, ఊళ్ళో ట్రాఫిక్‌లో ఆగినా లేవలేదు. నిన్న దాన్ని చూసి హమ్మయ్య ఇంజను చల్లగా ఉంది అనుకున్నాను. ఇంజను చల్లగా ఉండటం మంచిది కాదు, అది వేడెక్కితేనే పనిచేసేది, ఎంత వేడెక్కాలో అంతే వేడెక్కాలి, మనిషి ఒంట్లోలాగే ఎక్కువైనా తక్కువైనా రోగమే, ఈ పాఠం నాకు కంఠతా వచ్చు, వచ్చినా నిన్న బుర్ర పనిచెయ్యలేదు. గేటు దగ్గర కాపలా మనిషి మఫ్లరు సర్దుకుంటూ వచ్చాడు. ఏవమ్మా, ఇక్కడ రిపేర్లు చెయ్యకూడదు అన్నాడు. చెయ్యకపోతే బండి కదలదు, కదలకపోతే ఇక్కడే ఉంటుంది, ఏది కావాలో చెప్పు అన్నాను. కాసేపు నిలబడి ఆలోచించాడు. మగవాళ్ళెవరూ లేరా అన్నాడు. ఉన్నారు, పైన ఉన్నారు, దిగుతారు, అన్నాను. ఆ దిగుతారులో ఏం వినిపించిందో, వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇంజను స్టార్ట్ చేసి వదిలాను. హీటరంటే వేరే పొయ్యి కాదు, అని చెప్పాడు ఆయన మొదటిసారి, ఒక వానాకాలం మధ్యాహ్నం, షెడ్డు రేకుల మీద చినుకులు రాళ్ళలా పడుతుంటే. ఇంజను ఎలాగూ కాగుతుంది. ఆ కాగిన నీళ్ళే ఒక గొట్టంలోంచి లోపలికొచ్చి, జల్లెడలాంటి దాంట్లో తిరిగి, రెండో గొట్టంలోంచి వెనక్కి పోతాయి. మధ్యలో ఫ్యాను వాటి మీంచి గాలి ఊదుతుంది. అంతే సంగతి. కాబట్టి లోపల కూర్చున్న మనిషి చలి అంటే ఏదీ విప్పకు, రెండు గొట్టాలూ పట్టుకుని చూడు. రెండూ కాలుతుంటే నీళ్ళు బాగానే తిరుగుతున్నాయి, తప్పు ఇవతల. ఒకటి కాలుతూ ఒకటి చల్లగా ఉంటే మధ్యలో అడ్డం పడింది. రెండూ చల్లగా ఉంటే, అని ఆగాడు, నా చెయ్యి తీసుకుని గొట్టాల మీద పెడుతూ. రెండూ చల్లగా ఉంటే? అన్నాను. వేడి అసలు ఇక్కడిదాకా రావట్లేదని, అప్పుడు వేళ్ళూ కాళ్ళూ చూసి లాభం లేదు, పుట్టిన చోటికే వెళ్ళాలి, ఇంజను దగ్గరికి, అన్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. ఎవరో బండి తెచ్చి హారను కొట్టేదాకా అలాగే నిలబడ్డాం, గొట్టాల మీద నా చెయ్యి, దాని మీద ఆయన చెయ్యి, ఆ వేడి ఇంజనుదో ఆయనదో నాకు తెలీలేదు. ఇప్పుడు వంగి రెండు గొట్టాలూ పట్టుకున్నాను. గోరువెచ్చన కూడా కాదు. రెండూ ఒక్కలాగే, రాత్రి గిన్నెలో మిగిలిన నీళ్ళలా ఉన్నాయి. ముందుకి జరిగి రేడియేటర్‌కి వెళ్ళే పైన గొట్టం పట్టుకున్నాను. అది మాత్రం అప్పుడే నులివెచ్చన. అక్కడే దొరికింది దొంగ. ఇంజను కాగేదాకా ఆ గొట్టంలోకి చుక్క నీరు రాకూడదు. రాకుండా ఆపడానికే దాని మొదట్లో థర్మోస్టాట్ అని చిన్న తలుపు ఉంటుంది, అర్ధరూపాయి బిళ్ళంత తలుపు, నీళ్ళు కాగితే తనంతట తానే తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. అది తెరుచుకునే ఉండిపోయింది. పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతోంది. ఇంజను ఆపేశాను.

ఫోను. వదిన. అమ్మాయ్, ఎక్కడున్నావే, వాడు లేచి కూర్చుని బండేదీ బండేదీ అంటున్నాడు, చొక్కా కూడా వేయించుకున్నాడు, అంది. ఆ గొంతులో సంతోషం ఉంది, అది వినలేకపోయాను. వస్తున్నా వదినా, హీటరు చూస్తున్నాను. హీటరా, దుప్పట్లు కప్పుదాంలేవే, నా శాలువా కూడా ఇస్తాను. దుప్పటి వేడి పుట్టించదు వదినా, ఉన్న వేడిని ఆపుతుంది అంతే, అన్నాను, తర్వాత నాలిక కరుచుకున్నాను. నర్సమ్మ వచ్చి మళ్ళీ పాదాలు చూసి వెళ్ళింది, అంది వదిన మెల్లగా. ఈమధ్య ప్రతి పొద్దునా ఆ నర్సు వచ్చి దుప్పటి చివర ఎత్తి ఆయన పాదాలు పట్టుకు చూస్తుంది. ఎందుకని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. ముగ్గురు ఆడవాళ్ళం ఒక దుప్పటి చివర చుట్టూ నిలబడి వాతావరణం గురించి మాట్లాడుకుంటాం. ఏమంది? అన్నాను. ఏమీ అన్లేదు, త్వరగా బయల్దేరండి అంది, అంతే. నాకు భయం వేసింది. ఎంత భయమంటే ఫోను పెట్టేశాక పానా ఎటు తిప్పాలో ఒక్క క్షణం గుర్తురాలేదు.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ బేసిను కింద పెట్టి, కొంచెం నీళ్ళు వదిలి, గొట్టం లాగేశాను. తలుపు ఉండే గూటికి రెండే బోల్టులు, రెండూ పదో నంబరువే, అన్నిటికీ నువ్వే కావాలే అని ఆయన వెక్కిరించడం వినబడినట్టే ఉంది. మొదటిది సులువుగా వచ్చింది. రెండోది మొండికేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, డాక్టరమ్మ మీద, నర్సు మీద, ఆ గడ్డ మీద ఉన్న కోపమంతా దాని మీద పెట్టి తిప్పాను, వేలి కణుపు చర్మం లేచింది, బోల్టు కదిలింది. ఆయన కుర్రతనంలో పని నేర్చుకున్న షెడ్డు ఎండలు మండే ఊళ్ళో ఉండేదట. అక్కడ ఏ బండి వచ్చినా మేస్త్రీ చేసే మొదటి పని ఈ థర్మోస్టాట్ పీకి పారెయ్యడం. మన ఎండలకి ఇదెందుకురా, నీళ్ళు ఆగకుండా తిరగనీ, ఇంజను చల్లగా ఉంటుంది, అనేవాడట. పీకినవన్నీ తీగకి గుచ్చి గోడకి వేలాడదీస్తే తోరణంలా ఉండేదట. మేము చల్లటి కొండ మీదికి వచ్చాక ఆ మాట చెప్పి ఎంత నవ్వేవాడో, తెలిసీ తెలియని పనులు, నా చేతుల్తో ఎన్ని మంచి బండ్ల గొంతు పిసికానో, ఇప్పుడైతే ప్రాణం పోయినా తియ్యను, అనేవాడు. రెండో బోల్టు వచ్చింది. గూడు ఊడదీశాను. ఇరుక్కుపోయిన తలుపుని చూడబోతున్నానని తెలుసు, తుప్పు పట్టి ఉంటుంది, పక్కకి ఒరిగి ఉంటుంది, అనుకుంటూ వంగాను. అక్కడేమీ లేదు. గూడు ఖాళీ. వేలు పెట్టి తడిమాను, ఉండవలసిన గాడి శుభ్రంగా ఉంది, ఎవరో తుడిచినట్టు.

ఎవరో ఏమిటి. మా బండి బానెట్ ఇంకొకరు ఎత్తరు. మొన్న వేసవి. వదినని దింపడానికి కింది ఊరికి వచ్చి మళ్ళీ కొండెక్కుతున్నాం, మిట్టమధ్యాహ్నం, రాళ్ళు పగిలే ఎండ, సగం దూరంలో ముల్లు ఎర్రగీత మీదికి పాకింది. ఆయన కిటికీలన్నీ దింపి హీటరు పూర్తిగా పెట్టాడు. ఆ ఎండలో హీటరు. పిచ్చా మీకు? అని అరిచాను. ఇంజను వేడి కొంత ఇటు లాగేస్తే దానికి ఊపిరాడుతుంది, పదో నంబరూ, ఇంజను బతకాలంటే మనం ఉడకాలి, అన్నాడు. ఉడికాం. మొహం మీదికి నిప్పులాంటి గాలి, చెమటలు ధారలు, నా బొట్టు కరిగి ముక్కు మీదికి జారింది, అది చూసి ఆయన పడీపడీ నవ్వాడు, నేనూ నవ్వాను, లారీ డ్రైవరొకడు మమ్మల్ని దాటుతూ తలకాయ తిప్పి చూశాడు. అలా వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఆ గాలి చల్లబడింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది, అన్నాను నేను. ఆయన కూడా హాయిగా ఉందన్నాడు. బండి పక్కకి ఆపాం. నేను డబ్బా పట్టుకుని కింద వాగులోంచి నీళ్ళు తెచ్చేసరికి ఆయన ఇంజను మీద వంగి ఉన్నాడు, నన్ను చూసి లేచి చేతులు తుడుచుకున్నాడు. థర్మోస్టాట్ ఇరుక్కుంది, తెరుచుకోవట్లేదు, చూసుకున్నానులే, అన్నాడు. చూసుకున్నానులే అంటే ఆయన నోట్లో అది బాగుచేశాననే. డబ్బా నీళ్ళు మొత్తం రేడియేటర్ తాగేసింది. ఆ తర్వాత బండి ఎప్పుడూ వేడెక్కలేదు, వేడెక్కదు మరి, ఎలా వేడెక్కుతుంది. ప్రాణం పోయినా తియ్యనన్న మనిషి తీసేసి నాతో ఒక్క మాట చెప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆసుపత్రి వెనక చలిలో, చేతులకి ఆకుపచ్చ నీళ్ళు కారుతుంటే, పైన చొక్కా తొడుక్కుని నాకోసం కూర్చున్న మనిషిని నోరారా తిట్టాను.

ఆయన ఏదీ పారెయ్యడు. ఆ ఒక్క ఆశ. డ్రైవరు సీటు కింద గొంతు బిళ్ళల రేకు డబ్బా ఒకటి ఉంటుంది, మూత మీద బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది, వాషర్లు, స్ప్రింగులు, తెగిన తీగముక్కలు, ఒకసారి అందులో నా చెవి కమ్మ శీల కూడా దొరికింది. డబ్బా తెరిచాను. అన్నిటికన్నా పైన, నూనె గుడ్డలో పొందికగా చుట్టి ఉంది థర్మోస్టాట్. పసిపిల్లకి చుట్టినట్టు చుట్టాడు. ఇరుక్కుపోయిందన్నాడే, ఇరుక్కున్నది పనికిరాదు, కానీ చేతికి తీసుకుంటే మెరుస్తోంది, ఎక్కడా తుప్పు లేదు. నీళ్ళలో పెట్టి చూడు అని ఆయనే చెప్పాలి, ఆయనే చెప్పాడు, ఎప్పుడో. ఉడుకునీళ్ళలో వేసి చూస్తే తెలిసిపోతుంది, అబద్ధం చెప్పలేదది. కాపలా మనిషి గదిలో టీ కెటిల్ ఉంది. వెళ్ళి అడిగాను. టీయా అన్నాడు. కాదు, నీళ్ళు, మరుగుతున్నవి, అన్నాను. స్టీలు గ్లాసు నిండా పోసిచ్చాడు, నేను అందులో ఇనప ముక్క వేస్తుంటే నోరు తెరుచుకుని చూశాడు. ఆవిరిలోంచి వంగి చూశాం ఇద్దరం. కాసేపు ఏమీ లేదు. తర్వాత మధ్యనున్న బిళ్ళ మెల్లగా లేచింది. నిద్రలో ఉన్నవాడు కన్ను తెరిచినట్టు చుట్టూ సన్నటి సందు, ఆ సందు పెద్దదైంది. పూర్తిగా తెరుచుకుంది. పుల్లతో బయటికి తీసి చలిగాలిలో పట్టుకున్నాను, నెమ్మదిగా, మర్యాదగా మూసుకుంది. పనిచేస్తోందే, అన్నాడు కాపలా మనిషి ఆనందంగా.

పనిచేస్తోంది. వేసవిలోనూ పనిచేస్తూనే ఉంది. తప్పు దానిది కాదు. వేడిగాలి వస్తూ వస్తూ ఉన్నట్టుండి చల్లబడితే నీళ్ళు అయిపోయాయని, ఇది ఎవరు చెప్పారు నాకు, ఆయనే, షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ అరిచి చెప్పేవాడు, బుర్రలో పెట్టుకోండయ్యా, వేడి గాలి చల్లబడితే సంతోషించకండి, బండి ఆపండి, అని. ఆరోజు గాలి చల్లబడితే ఆయన సంతోషించాడు. నేను డబ్బా నీళ్ళు తెచ్చినప్పుడు రేడియేటర్ మూత ఓరగా కూర్చుని ఉంది, దారిలో తీసి పెట్టాడనుకున్నాను, కాదు, పొద్దున నీళ్ళు పోసింది ఆయనే, మూత సగమే తిప్పి వదిలేసిందీ ఆయనే. కళ్ళు మూసుకుని బండి చప్పుడు విని రోగం చెప్పే మనిషి. మూత తిప్పడం మరిచిపోయాడు, నీళ్ళు ఆవిరైపోతే పోల్చుకోలేదు, చేతులు తమంతట తామే పాత ఊరికి, పాత షెడ్డుకి, ఆ మేస్త్రీ దగ్గరికి వెళ్ళిపోయి మంచిదాన్ని పీకేశాయి. తలనొప్పులు మొదలైంది ఆకులు రాలేటప్పుడు. డాక్టర్లు అక్కడినుంచే మొదలుపెడతారు, ఎప్పటినుంచమ్మా తలనొప్పి, అంటారు. అంతకుముందే, ఎండలో, మేము కిటికీలు దింపుకుని పగలబడి నవ్విన ఆ కొండ మలుపులోనే, అది ఆయన తలలో కూర్చుని ఉంది. మా ఇద్దరి మధ్య. నేను నవ్వుతుంటే అదీ వింటోంది. నేను గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు రాలేదు, దానికీ ఒక వేళ ఉండాలి కదా. అమ్మా, గ్లాసు, అన్నాడు కాపలా మనిషి. కడిగి ఇస్తాను, అన్నాను.

ఇవన్నీ ఆయనకి చెప్పను. అక్కడే నిర్ణయించుకున్నాను. థర్మోస్టాట్ స్ప్రింగు ఇంజను వైపు, ఎప్పుడూ అంతే, వేడి ఎటు పుడుతుందో అటు చూడాలది. గూట్లో పెట్టాను. నీళ్ళు కారకుండా మధ్యలో వేసే పాత ప్యాకింగ్ చినిగిపోయింది, కొత్తది కావాలి, వెనక సీట్లో ఆయన తల ఫోటోలున్న పెద్ద గోధుమరంగు కవరు ఉంది, మందంగా, గట్టిగా. ఫోటోలు తీసి సీటు మీద పెట్టాను, ఎండకి పట్టుకుని చూడమని ఎవరెవరో చూపించిన ఆ తెల్లటి మచ్చని చూడకుండా బోర్లించాను. కవరుని గూటి అంచు మీద పరిచి పానా మొనతో చుట్టూ తట్టుకుంటూ పోతే అంచు అచ్చుపడి ఊడొస్తుంది, కత్తెర అక్కర్లేదు, ఇదీ ఆయన దగ్గర నేర్చిందే. గ్రీజు రాసి అతికించాను, బోల్టులు బిగించాను, గొట్టం తొడిగాను, బేసిన్లో నీళ్ళు తిరిగి పోశాను. హీటరు మీట ఎర్రగీత చివర పెట్టి, మూత తెరిచి ఉంచి, ఇంజను స్టార్ట్ చేశాను. గాలి బుడగలు బుడుక్ బుడుక్‌మని వచ్చాయి, వచ్చినకొద్దీ నీళ్ళు దిగాయి, నేను పోస్తూ ఉన్నాను. తర్వాత మూత పెట్టి పూర్తిగా, చివరిదాకా, ఇంక తిరగదన్నదాకా తిప్పాను. చెయ్యి తీసి మళ్ళీ వేసి మళ్ళీ చూశాను. వెళ్ళి కూర్చున్నాను. ముల్లు అడుగున ఉంది. ఉంది. ఆసుపత్రి వెనక తలుపు తెరుచుకుంది, ఆయన కాదు, ఎవరో దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చారు. ముల్లు వణికింది. లేచింది. గాలి మొదట అలాగే ఉంది, తర్వాత నా ఊపిరంత, తర్వాత ఇంకొంచెం, ఆ తర్వాత నా అరచెయ్యి కాలింది. లేచిపోయిన వేలి చర్మం చురుక్కుమంది. దిగి వంగి రెండు గొట్టాలూ పట్టుకున్నాను, పట్టుకోలేక వదిలేశాను. మెకానిక్ గారూ, రెండూ కాలుతున్నాయండీ, అన్నాను పైకే.

ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా, దాని మీద స్వెట్టరు, దాని మీద దుప్పటి, దాని మీద వదిన శాలువా, ఇన్నిటి మధ్య మొహం చిన్నదైపోయింది. బండిని చూసి ముందు టైర్లు చూశాడు. వార్డు మనిషీ నేనూ ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాం, బరువే లేదు. వదిన వెనక ఎక్కి తలుపేసుకుంది, వేసుకోగానే అబ్బ, పొయ్యిలో దూరినట్టుందే, అని చెవులకున్న గుడ్డ విప్పేసింది. నేను ఆయన వైపు తలుపు దగ్గర కింద మోకాళ్ళ మీద కూర్చుని మేజోళ్ళు సరిగా లాగుతున్నాను. ఆయన దుప్పట్లోంచి చెయ్యి మెల్లగా పైకి తీసి జాలీ ముందు పెట్టాడు. అరచెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చల్లగాలే" అన్నాడు.

వదిన ఏదో అనబోయింది. నేను తలెత్తి చూశాను, ఆవిడ నోరు మూసుకుంది. ఆవిడ నుదుటి మీద అప్పటికే చెమట.

"థర్మోస్టాట్ చూశావా?" అన్నాడు ఆయన. ఒక్కో మాటా వెతికి తెచ్చుకుంటున్నాడు.

"చూశానండీ. అదే. పాతది ఇరుక్కుపోయింది, మార్చాను."

"ఎక్కడ దొరికింది?"

"మీ డబ్బాలోనే."

"నా డబ్బాలో లేనిదేముంది" అన్నాడు, పెదవి ఒక పక్కకి కొంచెం లేచింది. చెయ్యి ఇంకా జాలీ ముందే ఉంది, వేళ్ళ మధ్యనుంచి వచ్చే గాలికి నా మొహం మండుతోంది. "గొట్టాలు పట్టుకుని చూశావా?"

"చూశాను."

"రెండూ?"

"రెండూ."

"ఎలా ఉన్నాయి?"

అప్పుడు నా రెండు చేతుల్లో ఆయన పాదాలు రెండూ ఉన్నాయి. మేజోళ్ళ కింద, దుప్పటి కింద, ఈ వేడంతటి మధ్యలో. నర్సు ఎందుకు పట్టుకు చూసేదో నా చేతులకి తెలిసింది. రెండూ ఒక్కలాగే, చల్లగా ఉన్నాయి.

"కాలుతున్నాయండీ" అన్నాను. "రెండూ."

ఆయన ఆలోచించాడు. కళ్ళు మూసుకున్నాడు, తల కొద్దిగా పక్కకి వంచాడు, షెడ్డులో ఇంజను చప్పుడు వినేటప్పుడు అలాగే వంచేవాడు, అప్పుడు ఎవరమూ మాట్లాడకూడదు. ఇంజను సమంగా తిరుగుతోంది.

"అయితే బండిలో తప్పేం లేదు" అన్నాడు.

చెయ్యి జాలీ ముందునుంచి తీసి దుప్పట్లోకి పెట్టుకున్నాడు. ఎవరి బండైనా చూడటం అయిపోయాక పానా కింద పెట్టేవాడు, అలా. కళ్ళు తెరిచి నన్ను చూశాడు, ఆ చూపులో ఏ మతిమరుపూ లేదు.

"పద, పదో నంబరూ."

తలుపు వేసి, ఇటొచ్చి కూర్చున్నాను. కాపలా మనిషి గేటు బార్లా తెరిచి సలాం కొట్టాడు. ఊరు దాటి కొండ మొదలయ్యేసరికి అద్దం మీద మంచు రాలడం మొదలైంది, రాలింది రాలినట్టే కరిగిపోతోంది. వదిన స్వెట్టరు తీసేసి ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసురుకుంటోంది, విసురుకుంటూనే ఏడుస్తోంది, చప్పుడు కాకుండా. నా వీపు తడిసిపోయింది, చెమట కళ్ళలోకి దిగి మండుతోంది, తుడుచుకుంటే దారి కనబడుతోంది, మళ్ళీ కనబడటం లేదు. ఆయన తల కిటికీకి ఆనించి టైర్ల చప్పుడు వింటున్నాడు. ఆ మలుపు వచ్చింది, వేసవిలో ఆగిన చోటు, కింద వాగు గడ్డకట్టి ఉంది. మీట ఎర్రగీత చివరే ఉంది. నేను తగ్గించలేదు.